ఏకపాక మండలం

"ప్రశాంతనగర్ నివాసులకు, వారి బంధుమిత్రులకు, ఈ పరిసరములలో ఇల్లు అద్దెకు దొరుకునేమోనని తిరుగాడు సమస్త జనులకు తెలియజేయడమేమనగా: నేటినుండి ఈ కాలనీ ఏకపాక మండలము. ఒక స్థలమున ఒక ఇల్లు, ఒక ఇంట ఒక పొయ్యి. పురపాలకులు లెక్కింపునకు వచ్చిననాడు ఏ ఇంట ఎన్ని పొయ్యిలు వెలుగుచుండునో ఆ ఇంటికి అన్నియే శాశ్వతము. పెంచుటకు గాని తగ్గించుటకు గాని వీలు లేదు. ఇచట అద్దెకు దిగగోరువారు తాము మర్యాదస్థులమని సంఘాధ్యక్షుని సంతకముతో పత్రము తేవలెను."

ఈ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకించినది కూర్మమ్మ ఒక్కతే. ఆమె మాటను లెక్కలోకి తీసుకొంటే ఏకగ్రీవానికి భంగం కలుగుతుంది కనుక లెక్కలోకి తీసుకోలేదు.

పట్టణం పేరు చెప్పడం మర్యాద కాదు. విజయనగరం నుంచి భోగాపురం వెళ్ళే బస్సులో ఎడమవైపు కిటికీ దక్కినవారికి కాలనీ స్వాగతద్వారం కనబడుతుందని మాత్రం చెప్పవచ్చు. విమానాశ్రయం పుణ్యమా అని ఆ పట్టణానికి జనం పెరిగారు, ఇళ్ళు పెరగలేదు. అందుకని పురపాలకులు ఒక ముసాయిదా పంపారు. ఎత్తు తక్కువ ఇళ్ళున్న కాలనీల్లో కూడా ఒక్కొక్క స్థలంలో రెండు మూడు చిన్న వాటాలు కట్టుకోవచ్చుననీ, అది ఇష్టం లేని కాలనీలు తమను ఏకకుటుంబ మండలంగా ప్రకటించుకోవచ్చుననీ దాని సారాంశం. అయితే కుటుంబం అంటే ఏమిటి? అధికారులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. రక్తసంబంధం కంటికి కనబడదు, అనురాగం కొలబద్దకు అందదు. చివరికి పొయ్యిని ప్రమాణంగా తీసుకొన్నారు. ఏకపాకంగా ఉన్నంతకాలం అవిభక్తులు, పొయ్యి వేరైతే విభక్తులు అని మన ధర్మశాస్త్రకారులు ఏనాడో నిర్ణయించారు. పురపాలకులు తమకు తెలియకుండానే చేసిన శాస్త్రసమ్మతమైన పని బహుశా ఇదొక్కటే.

ప్రశాంతనగర్ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు నరసింగరావు. బెల్లం టోకు వర్తకుడు, నిత్యం సంధ్యావేళ దీపం వెలిగించి గాని పలహారం ముట్టనివాడు. కూర్మమ్మ ఆ కాలనీలో ఓ మూలనున్న స్థలంలో పెంకుటిల్లు గల ఇల్లాలు. ఒకప్పుడు ఆ కాలనీ యావత్తూ ఆమె మామగారి రాగి చేలు, అక్కడివారి మాటలో చోడి చేలు. చేలు స్థలాలయ్యాక ఆమెకు మిగిలింది ఆ మూల మాత్రమే. పెంకుటిల్లు కురుస్తోంది. దాన్ని తీసేసి మూడు వాటాల ఇల్లు కట్టి, ఒక దాంట్లో తాను ఉండి, మిగిలిన రెండూ గజపతినగరం నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చే నర్సు రేఖకూ, కండక్టరు ఈశ్వర్ కుటుంబానికీ ఇవ్వాలని ఆమె సంకల్పం. కాలనీ సంస్కృతికి వచ్చిపడిన ప్రళయం ఇదే.

సభలో నరసింగరావు లేచి గొంతు సవరించుకొన్నాడు. "సభాసదులారా! నేడు మూడు వాటాలంటారు, రేపు ముప్పై అంటారు. మూడు పోపుల వాసన ఒకే గాలిలో కలిస్తే మన పిల్లల మనోవికాసం ఏమవుతుంది? నర్సమ్మ రాత్రి డ్యూటీ దిగి స్కూటరు మీద వస్తే మన నిద్ర ఏమవుతుంది? మేడ నీడ పడితే మన తులసికోటలు ఏమవుతాయి? అన్నిటికీ మించి, అద్దెకు వచ్చేవారు ఎలాంటివారో ఎవరికి తెలుసు?"

చప్పట్లు మోగాయి. కూర్మమ్మ కూర్చున్నచోటు నుంచే అడిగింది.

"మీరందరూ మా సేలోకి దిగినప్పుడు మీరెలాటోలో అని నానేటైనా కాయితం అడిగానేటి, సావుకారూ?"

సంఘ కార్యదర్శి అప్పలస్వామి, ఏదో ప్రభుత్వ కార్యాలయంలో హెడ్‌గుమాస్తాగా విరమించినవాడు, ఈ ప్రశ్న చర్చనీయాంశాల్లో లేదని రూలింగు ఇచ్చాడు. లెక్కింపునాటి పొయ్యిలే శాశ్వతం అన్న షరతు నరసింగరావు బుద్ధివిశేషం. కూర్మమ్మ ఇంట ఉన్నది ఒక్క పొయ్యి. దాన్ని ఇప్పుడే శాశ్వతం చేసేస్తే ఆమె మనుమల కాలానికి కూడా మూడు వాటాల మాట రాదు. ఆ రాత నల్లగా అచ్చయి గుడి గోడకు అంటుకొన్నాక ఆయన తృప్తిగా ఇంటికి నడిచాడు.

ఇంటికి నడిచి, ఎప్పటిలాగే మేడ మీద నీళ్ళ ట్యాంకు చూసి రావడానికి మెట్లెక్కాడు.

ఆ ట్యాంకు సంగతి కొంత వివరించాలి. నరసింగరావు భార్య కన్యాకుమారి వంటలో ఉల్లిపాయ అడుగుపెట్టదు. కోడలు అర్చన వంటలో ఉల్లిపాయ లేనిదే మరేదీ అడుగుపెట్టదు. పెళ్ళయిన కొత్తలో ఈ సిద్ధాంతభేదం వల్ల ఆ ఇంట గిన్నెలు పగిలాయి, పండుగలు ఆగాయి, అత్తాకోడళ్ళ మధ్య కొడుకు ప్రమోద్ తపాలా బంట్రోతుగా మారాడు. ఒక శుభముహూర్తాన అర్చన పుట్టింటివారు, తమ ఇంటి ఆచారం ప్రకారం పిల్ల పేరు చెక్కించిన స్టీలు గ్యాస్ పొయ్యి ఒకటి పంపారు. అది మేడ మీదికి ఎక్కింది. ఆ రోజు నుంచి ఇల్లు శాంతిధామం. కింద అత్త పులిహోర, పైన కోడలు ఉల్లి పెసరట్టు. పంపకంలో ఇద్దరూ ధారాళంగా ఉంటారు, విమర్శలో మితంగా ఉంటారు. ప్రతి సాయంత్రం ట్యాంకు చూడబోయిన నరసింగరావు అరగంట సేపు దిగిరాడు. దిగాక మూతి తుడుచుకొంటాడు. కన్యాకుమారి ఏమీ అడగదు. మహాసంసారాలు అడగని ప్రశ్నల మీదనే నిలబడతాయి.

అలాంటి ఇంట, "గురువారం లెక్కింపు" అన్న కబురు పిడుగై పడింది.

పడింది ఒక్క ఇంటనే కాదు. అప్పలస్వామి ఇంట మడి పొయ్యి వేరు, మైల పొయ్యి వేరు. ఎదురింట అన్నదమ్ములు పన్నెండేళ్ళుగా మాటలు లేకుండా ఒకే కప్పు కింద అవిభక్తంగా ఉంటున్నారు. కాకపోతే పొయ్యిలు రెండు, పేపర్లు రెండు. డాక్టరుగారి పెరటి రేకుల షెడ్డులో నలుగురు ఇంజనీరింగు విద్యార్థులు మేనల్లుళ్ళ హోదాలో వండుకు తింటున్నారు; ప్రతి నెల మొదటి తేదీన వారిని పలకరించడం ఆ మేనమామ ఎన్నడూ మానడు. ఆహితాగ్నులు ఇంట మూడు అగ్నులు నిలుపుతారని శాస్త్రం. ఆ లెక్కన ప్రశాంతనగర్ అంత యజ్ఞశీలమైన కాలనీ జిల్లాలో మరొకటి లేదు.

"అటకెక్కించేద్దాం," అన్నాడు నరసింగరావు.

"అటకలూ, మంచాల కిందా కూడా సూస్తారట," అన్నాడు అప్పలస్వామి.

"గుళ్ళో పెడదాం."

"పూజారి ఒప్పుకోలేదు. సామి పొయ్యి ఒక్కటే, ఆయన్ని కూడా లెక్కలో ఇరికించకండి అన్నాడు." అప్పలస్వామి గొంతు తగ్గించాడు. "బావా, ఒక్క ఇల్లున్నాది. మూడు వాటాలకి ప్లాను పెట్టినప్పుడే ఆపీసోలు ఆ ఇల్లు సూసీసినారు. మళ్ళీ రారు."

ఆ ఇల్లు ఎవరిదో చెప్పనక్కరలేదు. సంఘాధ్యక్షుడు చేతులు కట్టుకొని కూర్మమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మినప్పప్పు ఏరుతోంది.

"రెండ్రోజులేనమ్మా. కాలనీ పరువు సంగతి."

"దానికేటుంది సావుకారూ! ఎట్టుకోండి. ఈ ఇంట్లోకి వొచ్చినోల్ని ఎప్పుడైనా ఒద్దన్నానేటి?"

ఈ మాటలో ఏదో గుచ్చుకొన్నట్టు నరసింగరావుకు అనిపించింది. కాని అవసరంలో ఉన్నవాడికి అంత సూక్ష్మస్పర్శ ఉండదు.

బుధవారం మధ్యాహ్నం, జనం కునుకు తీసే వేళ, పొయ్యిలు కదిలాయి. అనుమానం రాకుండా పసుపు గుడ్డలు కప్పి నెత్తిన పెట్టుకొన్నారు. సిలిండర్లు తోపుడుబండి మీద, గడ్డి కింద నడిచాయి. వీధి మలుపులో కూరలు అమ్ముకొనే జగ్గమ్మ ఆ వరుసను చూసి అమ్మవారి ఘటాలనుకొంది. గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చి ముందున్న నరసింగరావు కాళ్ళ మీద పోసి, "అమ్మా, సల్లగా సూడు తల్లీ!" అని దండం పెట్టింది. నెత్తిన కోడలి పొయ్యితో ఆయన ఆశీర్వదించక తప్పలేదు.

గురువారం ఉదయం ప్రణాళికా అధికారి ధనరాజ్ పరివారంతో వచ్చాడు. ఆ రోజు ప్రశాంతనగర్ చూడవలసిన దృశ్యం. ప్రతి ఇంట ఒకే పొయ్యి, దానికి చెరొక వైపున అత్తాకోడళ్ళు, ఇద్దరి ముఖాల్లోనూ పెళ్ళి ఫొటోలోలాంటి నవ్వు. మాటలు లేని అన్నదమ్ములు ఒకే గిన్నెలోని టీ రెండు గ్లాసుల్లో పోసుకొని, ఒకరి భుజం మీద మరొకరు చేయి వేసుకొని తాగారు. మేనల్లుళ్ళు సినిమాకు వెళ్ళారు. నరసింగరావు ఇంట కన్యాకుమారి కలుపుతున్న పప్పులో అర్చన ఉప్పు వేసింది. అర్చన వేసింది చూడనట్టు కన్యాకుమారి మళ్ళీ వేసింది.

"పొయ్యి ఎవరిదమ్మా?" అని ధనరాజ్ అడిగాడు.

"మా కోడలిదే బాబూ," అంది అత్త.

"మా అత్తయ్యదే సార్," అంది కోడలు.

"ఇంత ఐకమత్యం నేనెక్కడా సూడలేదండి," అని ధనరాజ్ కళ్ళు తుడుచుకొని, ఆ ఇంటికి ఒకటి వేశాడు. కన్యాకుమారి అప్పటికే పోపులో ఎండుమిర్చి పెంచి ఉంది.

పని ముగిసిందనుకొని అందరూ వెనుదిరిగే వేళకు మూలనుంచి ఘుమఘుమలు వచ్చాయి. ధనరాజ్ ఆగాడు. ఆగి, ముక్కును అనుసరించాడు. సంఘం పెద్దలు ఆయనను అనుసరించారు.

కూర్మమ్మ వసారాలో, పెరట్లో, పశువుల శాల అరుగు మీద పదకొండు పొయ్యిలు ఏకాదశ రుద్రుల్లాగ వెలుగుతున్నాయి. ఒకదాని మీద రేఖ అన్నం వారుస్తోంది, మరొకదాని మీద ఈశ్వర్ భార్య చేపల పులుసు దించుతోంది, మిగిలినవాటి దగ్గర వారి చుట్టపక్కాలు.

"ఏటమ్మా ఇదంతా?" అన్నాడు ధనరాజ్.

"లెక్కకొచ్చినోలు ఆకలితో ఎల్తే కాలనీ పరువేటవుతాది బాబూ? కూకోండి, ఇస్తరేస్తాను."

"ఈ పొయ్యిలెవరివి?"

"నా ఇంట్లో ఉన్నాయి, నా ఇంట్లో మండుతున్నాయి. ఇంకెవులివైనా అయితే ఆళ్ళే సెప్తారు. పెద్దమనుషులందరూ ఇక్కడే ఉన్నారు కదా."

పెద్దమనుషులు ఆకాశం చూశారు. నాది అని నోరు విప్పినవాడి ఇంట రెండు పొయ్యిలున్నట్టే. అప్పుడు కాలనీ ఏకపాక మండలం కాదు, చోడి చేలో వేసిన సత్రం. ధనరాజ్ వంగి ఒక పొయ్యి మీద రాత చదివాడు.

"దీని మీద ‘చి.సౌ. అర్చన’ అని సెక్కుంది. ఇందాక మీ కోడలు పేరు అర్చనే కదా సార్?"

అర్చన కూడా ఆ గుంపులో ఉంది. ఆమె మామగారి ముఖం వైపు చూసింది. ఆ చూపులో పెసరట్లున్నాయి, గిన్నెల చప్పుడు లేని సాయంత్రాలున్నాయి, మేడ మెట్లున్నాయి. ఒక్క మాట చాలు. పొయ్యి ఇంటికి వచ్చేస్తుంది, అధ్యక్షపదవి పోతుంది.

నరసింగరావు గొంతు సవరించుకొన్నాడు. "ఆ పేరు గలవారు జిల్లాలో వేలమంది ఉంటారు. మాది కాదు."

"సరే," అని ధనరాజ్ పదకొండు వేశాడు.

"బాబూ, నాకు మూడు సాలు," అంది కూర్మమ్మ.

"తగ్గించడానికి వీల్లేదమ్మా. మీ సంఘం తీర్మానమే. ఒక ఇంటికి ఒక పొయ్యే అన్నారు కాబట్టి పదకొండు పొయ్యిలకీ పదకొండు ఇళ్ళు సూపించాల."

అలా మూడు వాటాలు వద్దన్న కాలనీలో, కాలనీవారి తీర్మానానికి కట్టుబడి, నాలుగంతస్తుల మేడ లేచింది. తులసికోటల మీద నీడ పడిందా అంటే, పడింది. దాని కింద వేసవిలో కుర్చీ వేసుకొని కూర్చోవడానికి మొదట వచ్చినవాడు అప్పలస్వామే.

ఇక నరసింగరావు ఇంట పొయ్యి ఒకటే శాశ్వతమైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడిన రోజులున్నాయి, ఎవరి పంతం వారిదై అసలు పడని రోజులూ ఉన్నాయి. ట్యాంకు చూడబోయిన ఆయనకు ట్యాంకే కనబడింది. ప్రమోద్‌కు పాత ఉద్యోగం తిరిగి వచ్చింది. ఒకనాడు అర్చన చేతిసంచి సర్దుకొని, "ఆ పొయ్యి మనది కాదన్నారు కదా మావయ్యా. సరే, మేమే దాని దగ్గరికి పోతాం," అంది. వంటింట్లోంచి కన్యాకుమారి, "ఏటండీ, నెమ్మదిగా ఎల్లి ఆ కూర్మమ్మని అడగండి. పిల్లలు దూరం పోకుండా ఉంటారు," అంది. అత్తాకోడళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది జన్మలో అదొక్కసారే.

కూర్మమ్మ మినప్పప్పు ఏరుతూనే ఉంది.

"ఇస్తాను సావుకారూ, ఎందుకివ్వను? కానీ అద్దెకొచ్చేవోలు ఎలాటోలో తెలవాల కదా. అధ్యక్షులోరి సంతకంతో కాయితం తెమ్మనండి."

"నేనే కదమ్మా అధ్యక్షుణ్ణి!"

"మరింకేటి? తొందరగానే అవుతాది."

నరసింగరావు ఆ అరుగు మీదనే కూర్చొని, కళ్ళజోడు సవరించుకొని, కన్నకొడుకును గురించి సంఘం ముద్రతో ఇలా రాసి ఇచ్చాడు: "ఈ కుటుంబము నాకు తెలిసినదే. అద్దెకు ఉండువారైనను మర్యాదస్థులు."

ప్రశాంతనగర్ స్వాగతద్వారం మీద "ఏకపాక మండలం" అన్న అక్షరాలకు ఈ మధ్యనే బంగారు రంగు వేయించారు. చుట్టుపక్కల కాలనీలవారు ఆ తీర్మానం నకళ్ళు పట్టుకెళ్తున్నారు. పాఠకులకు కూడా కావలసివస్తే సంఘం కార్యాలయంలో ఉచితంగా ఇస్తారు. పుచ్చుకొనేముందు ఒక్కసారి మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు చూసి రావలసిందిగా మనవి.