క్రాంతికుమార్ మాస్టారి జీబ్రా క్రాసింగు

బెల్లు కొట్టేలోపు బడి ముందు రోడ్డు మీద తెల్ల చారలు గీసెయ్యాలని క్రాంతికుమార్ మాస్టారు ఆ ఉదయం సున్నం బకెట్టుతో బయల్దేరారు. నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే రోడ్డది. దాని మీద బండ్లు నడిపేవాళ్ళకు హారను మీదున్న నమ్మకం బ్రేకు మీద లేదు. అర్జీలు పెట్టి పెట్టి మాస్టారికి విసుగొచ్చింది. దానికితోడు నిన్న పున్నమ్మ అన్న మాట ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

పున్నమ్మ మనవరాలు నీహారిక రెండో తరగతి. అమ్మానాన్నలు తెల్లారేసరికి మిరపచేలో ఉంటారు కనక, పిల్లను రోడ్డు దాటించేది ఆవిడే. "నా మోకాళ్ళు అయిపోయినయ్ మాస్టారూ. రేపొక్కరోజు ఎట్లాగో తీసుకొస్తా. ఆ తర్వాత దాటించేవాళ్ళు లేకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటది" అంది. నీహారికంటే మాస్టారికి ప్రాణం. ఎక్కం తప్పు చెప్పినా గట్టిగా, ధైర్యంగా చెప్పే పిల్ల ఆ క్లాసులో అదొక్కతే.

చారలు ఆరకముందే ఒకాయన రెండు చారల మధ్య మోటారుసైకిలు నిలిపి, "పార్కింగు బాగా గీశారండీ" అని మెచ్చుకుని టీకి వెళ్ళాడు. మాస్టారికి ఒళ్ళు మండింది. ఎరుపు చూస్తేనన్నా ఆగుతారని, గేటుకు వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చారు. అప్పుడే మధ్యాహ్న భోజనం వండే లూర్దమ్మ పులిహోరకు నిమ్మకాయలు పట్టుకుని వస్తోంది. వెనక ఆటో హారను మోగింది. ఆమె ఉలిక్కిపడి మాస్టారిని గుద్దింది. రంగు డబ్బా బోర్లాపడింది. నిమ్మకాయలు దొర్లి ఆ ఎరుపులో ఆగాయి.

దూసుకొస్తున్న పత్తి లారీ కీచుమని నిలబడింది. తెల్ల గీతలు, ఎరుపు, నిమ్మకాయలు చూసి డ్రైవరు చెంపలేసుకున్నాడు.

"పోనివ్వవయ్యా, ఏం కాదు!" అన్నారు మాస్టారు.

"మీరట్టాగే చెప్తారండీ. పెళ్ళాం బిడ్డలున్నోణ్ణి. నే తొక్కను."

లారీ వెనక బస్సు, బస్సు వెనక ట్రాక్టర్లు. టీ తాగొచ్చినాయన తన మోటారుసైకిలు దగ్గరికే వెళ్ళనన్నాడు. మాస్టారు వంగి ఒక కాయ తియ్యబోతే, "ముట్టుకోమాకండి!" అని బస్సు బస్సంతా అరిచింది. చర్చి పెద్ద థామస్ గారు బస్సు కిటికీలోంచి తొంగిచూసి, "నువ్వు కూడానా క్రాంతీ!" అని నిట్టూర్చారు.

ఇంతలో కానిస్టేబుల్ సతీష్‌బాబు వచ్చాడు. "తియ్యండవి!" అని లాఠీ చూపించాడు. లాఠీని కూడా కాయలకు తగలనివ్వలేదు.

"మీరే తియ్యండి సార్" అన్నాడు డ్రైవరు.

"నాకివాళ మంగళవారం" అన్నాడు సతీష్‌బాబు.

అవతలి గట్టున పున్నమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ నీహారిక ఆ చెయ్యి వదిలేసింది. చారల మీద నడుచుకుంటూ వచ్చి, నిమ్మకాయలన్నీ గౌనులోకి ఏరుకుని, ఇవతల నిలబడ్డ లూర్దమ్మకు ఇచ్చింది. "ఆంటీ, కడిగితే పోతదిలే" అంది.

అవతల పున్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా చెయ్యి లేకుండా దాటింది మాస్టారూ!" మాస్టారు చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఇవాళంటే బండ్లన్నీ ఆగాయి, రేపెవరు ఆపుతారు?

ట్రాఫిక్ కదిలాక సతీష్‌బాబు ఆయన్ను పక్కకు పిలిచాడు. "మాస్టారూ, నేను జంకానని స్టేషన్లో చెప్పమాకండి. రేపట్నుంచి బెల్లు టైముకి నేనే ఇక్కడుంటా."

"రోజూనా?"

"రోజూనండీ. ఒట్టు."

మర్నాడు నీహారిక ఒక్కతే వచ్చింది. సతీష్‌బాబు బండ్లు ఆపి చెయ్యి చాపాడు. పిల్ల ఆయన వేలు గట్టిగా పట్టుకుని, "భయపడమాకండి సార్, నేనున్నాగా" అంది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నీహారిక కానిస్టేబుల్ గారిని జాగ్రత్తగా రోడ్డు దాటిస్తోంది.