ముల్లున్న రింగు

ఆ ఉదయం మూతలాయన పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పేటెంట్ల లాయరు దగ్గరికి వెళ్ళడం. కూల్‌డ్రింక్ టిన్నుల మూతలు చేసే ఫ్యాక్టరీలో ఆయన ఫోర్‌మన్. అందుకే ఆ పేరు. లోకంలో ఉన్న టిన్నులన్నిటికీ మూతలు చేసే మనిషికి నోటికి మాత్రం మూత లేదని ఆయన భార్య అంటుంది. ఆవిడ అబద్ధం ఆడదు.

ఆయన కనిపెట్టింది ఒక రింగు. టిన్ను తెరవడానికి పైకి లాగుతామే, అదే. దానికి గడియారం ముల్లులా ఒక మొన పెట్టాడు. మూత చుట్టూ బొమ్మలు అచ్చు వేశాడు. చేప, గొడుగు, తాళంచెవి, నెలవంక, అలాంటివి. టిన్ను తెరిచాక రింగు తిప్పి ముల్లును మన బొమ్మ మీద నిలపాలి. నలుగురు కూర్చున్న చోట టిన్నులు కలిసిపోయినా ఎవరి ఎంగిలి వాళ్ళకే. ఇన్నాళ్ళూ ఇది లేకుండా లోకం ఎలా బతికిందో ఆయనకు అంతుపట్టలేదు. లోకం నిక్షేపంగా బతికింది.

ఆయన పాత ఘనకార్యాలు వెనక గది నిండా ఉన్నాయి. దానంతటది మూసుకునే గొడుగు ఉంది. వానలో కూడా మూసుకుంటుంది. భార్య బట్టలు కుడుతుంది. ఆవిడ మిషను పొయ్యి పక్కన, తాలింపు పొగలో.

"ఇదే ఆఖరుసారి," అంది ఆవిడ. "లాయరు కాదన్నాడంటే ఆ గది నా మిషనుది."

"అవునంటే?"

"గది నీదే. చచ్చేదాకా అడగను."

లాయరు ఫోన్లోనే హెచ్చరించాడు. దరఖాస్తు పెట్టేలోపు నలుగురికీ తెలిసిపోతే అది కొత్తది కాదు, కొత్తది కాకపోతే పేటెంటు రాదు. అందుకని మూతలాయన పెళ్ళానికి కూడా చెప్పలేదు. చల్లటి టిన్ను చెమర్చి చెయ్యి తడిసినా రింగు తిరుగుతుందని లాయరుకు చూపించాలని, నమూనా టిన్నులు ఫ్రిజ్‌లో కూరగాయల కింద దాచి స్నానానికి వెళ్ళాడు. ఫ్రిజ్ ఆడవాళ్ళు తెరవరని ఆయన నమ్మకం కాబోలు.

చెడిపోయిన లిఫ్టు సంగతి తేల్చడానికి బిల్డింగువాళ్ళు ఆ పూటే వాళ్ళింటికి వచ్చారు. వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. మూతలాయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముందు గదిలో అందరి చేతుల్లోనూ తన టిన్నులే. బిల్డింగు సంఘం అధ్యక్షుడు అప్పుడే ఒకటి ఖాళీ చేసి తేనుస్తున్నాడు.

"తాగకండి!" అని అరిచాడు.

"ఏం? ఎందుకు?" అన్నాడు అధ్యక్షుడు.

నిజం చెప్పకూడదు. "అవి... పాడైపోయినవండీ."

అంతే. అధ్యక్షుడు పొట్ట పట్టుకున్నాడు. ఒక్క చుక్క కూడా తాగని అత్తగారు అంతకన్నా ముందే పట్టుకుంది. బావమరిది కింది అంతస్తు డాక్టరు కోసం పరిగెత్తాడు. లిఫ్టు లేదు గనక మెట్లన్నీ దిగుతూ, అడిగినవాడికల్లా "మా బావ ఇంట్లో విషం" అని చెబుతూ దిగాడు. డాక్టరు వచ్చేసరికి వెనకాల బిల్డింగంతా ఉంది.

"టిన్ను ఇటివ్వండి," అన్నాడు డాక్టరు.

"ఇవ్వను," అని మూతలాయన టిన్నులన్నీ తువ్వాల్లో మూటకట్టి గుండెకు హత్తుకున్నాడు.

అలా హత్తుకుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? ఇద్దరు చేతులు పట్టుకున్నారు. డాక్టరు మూట విప్పాడు. వాసన చూశాడు, నాలిక మీద వేసుకున్నాడు.

"శుభ్రంగా ఉందిది. ఈ బొమ్మలేంటి?"

"పిల్లలాడుకునేవేమో," అన్నాడు అధ్యక్షుడు, పొట్ట వదిలేసి.

"రింగు కూడా వదులైపోయింది. చూడండి, గిరగిరా తిరుగుతోంది," అన్నాడు డాక్టరు.

"మా బావ బుర్ర కూడా అంతేనండీ," అన్నాడు బావమరిది.

మెట్ల మీదిదాకా నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. విషం అన్నా పడ్డాడు గానీ ఈ నవ్వు పడలేకపోయాడు మూతలాయన. కుర్చీ ఎక్కాడు.

"తెలివితక్కువ దద్దమ్మల్లారా, వినండి!"

విన్నారు. ముల్లు ఎందుకో చెప్పాడు, బొమ్మలు ఎందుకో చెప్పాడు. అర్థం కాలేదన్నవాడికి మళ్ళీ చెప్పాడు, అర్థమైందన్నవాడికి కూడా చెప్పాడు. డాక్టరు చేత తిప్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీ దిగుతాడని కొట్టారు.

ఆ చప్పట్లు చెవిలో పెట్టుకునే లాయరు గదిలోకి నడిచాడు. సాయానికి బావమరిది వెళ్ళాడు. లాయరు జరిగిందంతా విని పెన్ను కింద పెట్టాడు.

"ఎంత పని చేశారండీ! సరే, ఇంకొక్క దారి ఉంది. చూసినంత మాత్రాన కొంప మునగదు. ఆ గోలలో అది దేనికో ఎవరికీ తెలియలేదంటే, నేను వాదించుకుంటాను. తెలియలేదు కదా?"

బావమరిదిలో జీవితంలో ఒక్కసారి తెలివి వెలిగింది. "అబ్బే, మాకేం అర్థం కాలేదండీ. ఒక్క ముక్క కూడా."

మూతలాయన మొహం ఎర్రబడింది. "ఏరా, అర్థం కాలేదా? అంతసేపు చెబితే?"

"కాలేదు బావా."

"నువ్వే కదరా చేప నాది అన్నావు!"

"నేననలేదు బావా."

"కాలు తొక్కుతావేంట్రా? లాయరు గారూ, వీడు అబద్ధాలకోరు. బిల్డింగంతటికీ అర్థమైంది. డాక్టరు గారే స్వయంగా తిప్పారు. కావాలంటే అందర్నీ పిలిపిస్తాను, అడగండి!"

"అక్కర్లేదండీ," అని లాయరు పెన్నుకు మూత పెట్టేశాడు. "ఇంత విన్నాక నేను దరఖాస్తు పెట్టను."

సాయంత్రానికి గొడుగు అటక ఎక్కింది. మిషను వెనక గదిలోకి వచ్చింది. కిటికీ వెలుతురు సరిగ్గా సూది మీద పడింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ గదిలో పనికొచ్చే పని మొదలైంది.

వారం గడిచినా లిఫ్టు బాగుపడలేదు. మళ్ళీ వాళ్ళింట్లోనే సమావేశం పెట్టారు. మిగిలిన నమూనాలను పారేయడమెందుకని ఆవిడ వాటినే ఇచ్చింది. కాసేపటికి బల్ల మీద టిన్నులన్నీ కలిసిపోయాయి. డాక్టరు అధ్యక్షుడి ఎంగిలి తాగాడు. బావమరిది ఇద్దరివీ తాగాడు.

అధ్యక్షుడు ఒక టిన్ను ఎత్తి రింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ రోజు మీరేదో చెప్పారు గానీండి, ఎవరికీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. ఇంతకీ ఈ ముల్లు దేనికండీ?"

గది అంతా ఆయన వైపు తిరిగింది. వెనక గదిలో మిషను కూడా ఆగింది.

మూతలాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

ఆయన చేసిన వాటిలో నిజంగా కొత్తది ఆ నోటి మూత ఒక్కటే, కాకపోతే దరఖాస్తుకు ఆలస్యమైపోయింది.