వివరాలు ప్రభువుకు తెలుసు

శనివారం ప్రేమ్ ఆఫీసుకు సెలవు పెట్టాడు. జ్వరం లేదు, పెళ్లి లేదు, బ్యాంకు పనీ లేదు. కూర్చుని ఒక నిర్ణయం తీసుకోవాలి, అంతే. టీ తాగి, మధ్యాహ్నంలోగా ఆ సంగతి తేల్చేసి, భోంచేసి హాయిగా పడుకోవాలని అతని ప్లాను.

ప్రేమ్ రాయ్‌పూర్ శివార్లలో భన్‌పురిలో వీరేంద్ర సేఠ్ గారి ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పనిచేస్తాడు. ఏ లారీ ఎక్కడుందో, ఏ డ్రైవరు ఏ ఢాబాలో నిద్రపోతున్నాడో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా చేరిన రోజున ఏ కుర్చీలో కూర్చున్నాడో ఇప్పటికీ అదే కుర్చీ. సేఠ్ మందిర్ హసౌద్‌లో కొత్త గోడౌన్ కట్టాడు. దానికి ఇన్‌ఛార్జి అవ్వాలని ప్రేమ్‌కు ప్రాణం కొట్టుకుంటోంది కానీ, అడగడానికి నోరు రాదు. అడిగి లేదనిపించుకోవడం కన్నా అడక్కుండా బాధపడటమే మర్యాద అనుకునే రకం.

అందుకని దొడ్డిదారి వెతుక్కున్నాడు. ఉద్యోగస్తులంతా ఒకరినొకరు పరిచయం చేసుకునే ఒక సైట్లో చేరి, టై కట్టిన ఫోటో పెట్టాడు. నెల గడిచినా ఒక్కడూ పలకరించలేదు. ఏడాది చందా కడితే పెద్ద కంపెనీల మేనేజర్లకు నేరుగా రాసుకోవచ్చని సైటు వాళ్లు ఇప్పుడు ఊరిస్తున్నారు. కట్టాలా, వద్దా?

"కట్టాక కూడా ఎవడూ పిలవకపోతే అంతా బేకార్ కదా?" అన్నాడు ప్రేమ్, టీ చల్లారబెట్టుకుంటూ.

"కట్టకుండా మీరు పెట్టే ఈ మొహం నేను చూడలేకపోతున్నాను," అంది భార్య గ్రేస్. ఆమె ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి బయల్దేరుతోంది. "ఏదో ఒకటి ఫైనల్ చేసెయ్యండి బాబూ. సాయంత్రం నేనొచ్చేసరికి ఈ మాట ఇంట్లో వినపడకూడదు."

ప్రేమ్ తండ్రి జోసెఫ్ గారు తణుకు నుంచి వచ్చి, రైల్వేలో గార్డుగా రిటైరై, రాయ్‌పూర్‌లోనే స్థిరపడ్డారు. ఆయన పేపరు మడిచి, "దీనికింత పరేషాన్ ఎందుకురా అబ్బాయ్? ప్రార్థనలో పెడదాం. అదే తేలిపోద్ది," అన్నారు. అనడమే కాదు, వరండాలోకి వెళ్లి, తమ తెలుగు చర్చి సంఘం వాళ్ల ఫోన్ గ్రూపులో తన గొంతుతోనే చెప్పేశారు. "అందరికీ వందనాలండీ. మా ప్రేమ్ ఉద్యోగం విషయంలో ఒక సంగతి తేలాలి. ప్రార్థన చెయ్యండి. వివరాలు ప్రభువుకు తెలుసు."

ఆ చివరి మాట ఆ సంఘంలో ఒక కట్టుబాటు. ఎవరి కష్టమైనా సరే, వివరాలు అడగకూడదు. ఎంతో మంచి కట్టుబాటు, కాదనను. కానీ మనిషన్నవాడు అడగకుండా ఉండగలడేమో గానీ, ఊహించకుండా ఉండలేడు కదా!

ముందుగా ఊహించింది నళిని గారు. రైల్వే ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, ఇప్పుడు సంఘంలో స్త్రీల సమాజాన్ని నడిపిస్తున్నారు. సాంబారు గిన్నెతో ఆవిడ వచ్చేసరికి, పనిదినం పూట ప్రేమ్ లుంగీలో, గడ్డం గీసుకోకుండా, ఫోను ఒళ్లో పెట్టుకుని నిట్టూరుస్తున్నాడు. ఆవిడకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ధైర్యంగా ఉండు ప్రేమ్ బాబూ. ఇవన్నీ వస్తుంటాయి, పోతుంటాయి."

నాన్న అంతా చెప్పేశారు కాబోలు అనుకున్నాడు ప్రేమ్. "ధైర్యంగానే ఉన్నాను ఆంటీ. ఇవాళ తేల్చేసి మర్చిపోదామనుకుంటున్నా."

"మర్చిపోవడం అంత సులువా నాయనా!" అని ఆవిడ కళ్లు తుడుచుకుని, సాంబారు అక్కడ పెట్టి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఇంట్లో కోడికూర, పులిహోర, బియ్యం బస్తా చేరాయి. ఒకాయన తన కొడుకు చదివి పాసవలేకపోయిన రైల్వే పరీక్ష పుస్తకాలు తెచ్చిచ్చాడు. ఇంకొకాయన తన పాత ఆటో ఖాళీగా ఉందనీ, మొదట్లో కిరాయి ఇవ్వక్కర్లేదనీ చెప్పి భుజం తట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ప్రేమ్ ఆ పుస్తకాలనూ బియ్యం బస్తానూ మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, ఒక సైటుకు చందా కట్టాలా వద్దా అంటే వీళ్లు బియ్యం ఎందుకిస్తున్నారు?"

"ప్రేమరా అది. ప్రేమ ఉన్నచోట లెక్కలుండవు," అన్నారు జోసెఫ్ గారు, కోడికూర మూత తీస్తూ.

అప్పుడే ఫోన్ మోగింది. అవతల గ్రేస్ వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఏవండీ! మీ నౌకరీ పోయిందటగా! నాకెందుకు చెప్పలేదు? ఇక్కడ సిస్టర్లందరూ నాకోసం చందాలేస్తున్నారు!"

"నా ఉద్యోగం పోవడమేమిటి? నేను సెలవులో ఉన్నాను!"

"ఇంకా దాస్తున్నారా? నళిని ఆంటీయే చెప్పారు. సాయంత్రం మనింట్లో ప్రార్థన కూడా పెట్టారట!"

ప్రేమ్ పరుగున బయటికొచ్చాడు. అప్పటికే వాకిట్లో షామియానా లేస్తోంది.

నళిని గారు ప్రార్థనతో ఆగే మనిషి కారు. రింగు రోడ్డు మీద వీరేంద్ర సేఠ్ లారీ కనపడగానే దాని వెనక రాసిన నంబరు చూసి ఫోన్ కలిపారు. "సేఠ్‌జీ, ప్రేమ్ కో మాఫ్ కర్ దీజియే. వాపస్ లే లీజియే. చిన్న సంసారం," అని మళ్లీ పనిలోకి తీసుకోమంటూ హిందీలోనూ తెలుగులోనూ కలిపి బతిమాలారు.

సేఠ్‌కు ఆ రోజు అప్పటికే తల తిరిగిపోతోంది. ప్రేమ్ లేకపోవడంతో ఇనుప కడ్డీల లారీ వెళ్లి రైస్ మిల్లులో దిగింది. బియ్యం లారీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడీ ఫోను. తను ఎవరినీ తీసెయ్యలేదు, కాబట్టి ప్రేమ్ తనంతట తనే మానేసి ఉండాలి. మానేశాడంటే ఆరంగ్‌లో కొత్తగా వెలిసిన ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఎగరేసుకుపోయి ఉండాలి. సేఠ్ కారు తీశాడు.

ఆయన వచ్చేసరికి షామియానా నిండిపోయింది. పాస్టరు గారు ఊళ్లో లేనందున నళిని గారే కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. "ప్రభువా, ఆ వీరేంద్ర సేఠ్ రాతిగుండె కరిగించు! ఆ వీరేంద్ర సేఠ్ కళ్లు తెరిపించు!" జనమంతా "ఆమేన్!" అంటున్నారు. తెలుగు రాని సేఠ్‌కు తన పేరొక్కటే అర్థమైంది. పక్కనున్న జోసెఫ్ గారిని ఏమంటున్నారని అడిగాడు.

"ఆప్ కీ తబియత్ కే లియే," అన్నారు జోసెఫ్ గారు, తడుముకోకుండా.

సేఠ్ చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. తన ఆరోగ్యం కోసం ఇంతమంది ఇంత గట్టిగా అరవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. ప్రార్థన అవగానే ప్రేమ్ చెయ్యి పట్టుకున్నాడు.

"సచ్ బోలో ప్రేమ్. ఆరంగ్ వాళ్లు ఎంతిస్తామన్నారు?"

ప్రేమ్ చుట్టూ చూశాడు. ఒక మూల గ్రేస్ ముక్కు తుడుచుకుంటోంది. ఇంకో మూల బియ్యం బస్తా. పొద్దుటినుంచీ పరువంతా పోయాక ఇక దాచుకోవడానికి ఏముందనిపించింది. హిందీలో అనేశాడు.

"ఎవరూ పిలవలేదు సేఠ్‌జీ. నెల రోజులుగా ఒక సైట్లో ఫోటో పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఒక్కడూ అడగలేదు. మీరూ అడగలేదు. ఇన్నేళ్లు పనిచేశాను, నీకేం కావాలి ప్రేమ్ అని మీరొక్కసారైనా అడగలేదు. నాకు చాలా బాధగా ఉంది. నాకు మందిర్ హసౌద్ గోడౌన్ కావాలి."

అన్నది తనేనా అని ప్రేమ్‌కే ఆశ్చర్యం వేసింది.

"అరె భాయ్!" అన్నాడు సేఠ్ నెత్తి కొట్టుకుని. "నువ్వు అడగలేదని, ఇష్టం లేదేమో అనుకున్నా. మా అల్లుడికి ఇద్దామంటే వాడు పొద్దున లేవడు. సోమవారం నుంచి గోడౌన్ నీది. జీతం పెంచుతా. ముందు నా బియ్యం లారీ ఎక్కడుందో చెప్పు!"

ప్రేమ్ ఒక డ్రైవరుకు ఫోన్ చేసి, ఢాబా పేరు చెప్పి, అతన్ని నిద్రలేపాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. గ్రేస్ ఏడుపు ఆపి నవ్వింది, మళ్లీ ఏడ్చింది. సేఠ్ పులిహోర రెండోసారి అడిగి తిని వెళ్లాడు.

"హమ్మయ్య! ఇక ఆ సైటుకు పైసా కట్టక్కర్లేదు," అన్నాడు ప్రేమ్, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని.

"దేవునికి స్తోత్రం!" అన్నారు నళిని గారు అందరికీ వినపడేలా. "కొత్త ఉద్యోగం తొలి జీతం మొత్తం మన ప్రేమ్ బాబు ప్రథమ ఫలంగా సంఘానికి సమర్పిస్తున్నాడు!"

"ఆమేన్!" అంది షామియానా. అందరికన్నా గట్టిగా జోసెఫ్ గారే అన్నారు.

ఎంత లెక్కేసినా, సైటు వాళ్లే తక్కువ అడిగారు.