మామగారి సినిమా, అల్లుడి నకలు

ఆదివారం పొద్దున అల్లుడు ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని, భార్యతో అత్తవారింటికి వచ్చాడు. చెయ్యాల్సిన పని ఒక్కటే. మామగారికి ప్రాణమైన ఓడ కెప్టెన్ సినిమా డీవీడీ గీతలు పడి మాటిమాటికీ ఆగిపోతోంది. సాయంత్రం నాలుగింటికి కంపోజిటర్ గారు వచ్చేలోగా దానికి నకలు తియ్యాలి.

మామగారు అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. కంపోజిటర్ గారు అక్కడే ఆయన పక్కన కూర్చుని అచ్చుకు అక్షరాలు పేర్చిన స్నేహితుడు. ఆ సినిమా చూపించాలని మామగారు ఎన్నిసార్లు కూర్చోబెట్టినా, పావుగంటకల్లా కంపోజిటర్ గారికి మోకాళ్ల నొప్పి గుర్తొచ్చి లేచిపోయేవాడు. ఈసారైనా చివరిదాకా కూర్చోబెట్టాలని మామగారి పంతం.

అల్లుడి పంతం వేరు. రెండేళ్ల కిందట బాగుచేస్తానని మామగారి గోడగడియారం విప్పాడు. దాని భాగాలు ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి మామగారు అతని చేతికి స్క్రూడ్రైవరు కాదు కదా, రిమోట్ కూడా ఇవ్వలేదు. డిస్కు ఇప్పించడానికి భార్య వారం రోజులు తండ్రిని బతిమాలింది.

అసలు డిస్కులో సరుకు ఎక్కువ, ఖాళీ డిస్కులో చోటు తక్కువ. ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో చెప్పమంది ల్యాప్‌టాప్. పరాయి భాష సినిమా కాబట్టి సబ్‌టైటిల్స్ ఉండాల్సిందే. మన భాషలో రెండు వరుసలు కనిపించాయి. రెండూ ఒకటేలే అనుకుని పైది తీసేసి కిందిది ఉంచాడు. రిమోట్‌లో నంబరు నొక్కితే వచ్చే సినిమా అధ్యాయాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా చిందరవందరగా అనిపించాయి. ఐదేసి నిమిషాలకు ఒకటి చొప్పున చక్కగా సర్దేశాడు. చివరికి మొదటి నిమిషం వేసి చూశాడు. తెరమీద సముద్రం, కింద "తెల్లవారుతోంది. గాలి బాగా ఉంది" అన్న మాటలు. హమ్మయ్య అనుకున్నాడు.

"పాత డిస్కు ఏం చెయ్యమంటావు బాబూ?" అంది అత్తగారు.

"ఇక దానితో పనిలేదు అత్తయ్యా," అన్నాడు ధీమాగా.

నాలుగింటికి కంపోజిటర్ గారు వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "ముందు ఏడో అధ్యాయం చూడవయ్యా. కెప్టెన్ పోయే సీను. కళ్లనీళ్లు ఆగవు," అంటూ మామగారు ఏడు నొక్కాడు.

తెరమీద ఓడలో వంటవాడు ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు.

"కళ్లనీళ్లంటే ఇవేనా?" అన్నాడు కంపోజిటర్.

మామగారు కళ్లజోడు సర్దుకున్నాడు. కింద అక్షరాలు ఇలా ఉన్నాయి: "ఇతను వంటవాడు కాదు, లైట్లు పట్టుకునే మనిషి. అసలు నటుడు ఆ రోజు ఎగ్గొట్టాడు."

అల్లుడికి అప్పుడర్థమైంది. తను ఉంచిన రెండో వరుస సినిమాలో మాటలు కావు, డైరెక్టరు తీరిగ్గా కూర్చుని చెప్పుకున్న ముచ్చట్లు. పాత డిస్కు పెడితే గండం గట్టెక్కుతుందని వంటింట్లోకి పరుగెత్తాడు.

"అదా? పనిలేదన్నావుగా. పావురాలు బెదురుతాయని బాల్కనీలో కట్టాను," అంది అత్తగారు. "బాగా మెరవాలని గిన్నెల పీచుతో తోమాను కూడా."

డిస్కు తాడుకు వేలాడుతోంది. దాని పక్కనే ఒక పావురం నిద్రపోతోంది.

గడియారం తరువాత ఇది. ఇక ఈ ఇంటి గడప తొక్కే మొహం తనకు లేదనుకున్నాడు అల్లుడు. నిజంగానే బాధేసింది. నేరం ఒప్పుకుందామని హాల్లోకి వచ్చేసరికి మామగారు వెతికి వెతికి కెప్టెన్ చావు పట్టుకున్నాడు. తెరమీద కెప్టెన్ తల అతని భార్య ఒళ్లో ఉంది. ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి. కింద: "ఈయనకి చక్కిలిగింతలెక్కువ. శవం నాలుగుసార్లు నవ్వింది. ఆవిడ ఏడవడం లేదు, నవ్వు ఆపుకుంటోంది."

ముందు కంపోజిటర్ గారి పొట్ట కదిలింది. తరువాత మామగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరికీ కళ్లనీళ్లు ఆగలేదు. సినిమా మొదటికి తిప్పించి చివరిదాకా చూశాక, మోకాళ్ల మాటే ఎత్తకుండా, "వచ్చే ఆదివారం ఏం వేస్తావు?" అని అడిగి వెళ్లాడు కంపోజిటర్.

"మామయ్యా, అది పొరపాటున..." అని మొదలుపెట్టాడు అల్లుడు.

"రెండో లైనుకే తెలిసింది, మాట్లాడేది డైరెక్టరని. ముప్ఫై ఏళ్లు ప్రూఫులు చూసినవాణ్ణి," అంటూ మామగారు బీరువాలోంచి ఇంకో డిస్కు తీసి, మొట్టమొదటిసారి తన చేత్తో అల్లుడి చేతిలో పెట్టాడు. "దీనికీ అలాగే చెయ్యి."

ఇంటికెళ్లి చూస్తే అందులో డైరెక్టరు ముచ్చట్లే లేవు.

"లేవని చెప్పెయ్యరాదూ," అంది భార్య.

చేతికొచ్చిన డిస్కును వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు. వారమంతా కూర్చుని, కనీ వినీ ఎరగని డైరెక్టరు తరఫున ముచ్చట్లన్నీ తనే అల్లి సబ్‌టైటిల్స్‌గా ఎక్కించాడు.

ఆదివారం రాత్రి సినిమా అయిపోయాక మామగారు ఒక కాగితం మడిచి అతని జేబులో పెట్టాడు. ఎర్ర సిరాతో రెండే ముక్కలు: "అబద్ధాలు బాగున్నాయి. అచ్చుతప్పులు పదకొండు."