దడ పెట్టె

ఆ ఆదివారం పొద్దున సర్వేయరు, పెళ్ళయి నాలుగు నెలలు నిండని అతని భార్య, హాల్లో నేలమీద బోర్లా పడుకుని గ్రాఫు కాగితం మీద తమ భవిష్యత్తు గీసుకుంటున్నారు. భవిష్యత్తంటే హోమ్ థియేటరు. టీవీకి అటూ ఇటూ రెండు స్పీకర్లు, మధ్యలో మాటలు పలికేది ఒకటి, వీపు వెనక రెండు, వీటన్నిటినీ నడిపే ఆంప్లిఫయరు, ఉరుముల్లాంటి మోత మాత్రమే పలుకుతూ ఓ మూల కూర్చుని గుడ్లురిమే ఊఫరు. సర్వేయరు గది కొలతలు అంగుళం తేడా లేకుండా వేశాడు. సోఫా ఉండాల్సిన చోట ఆమె రెండు చిన్న బొమ్మలు గీసింది. సోఫా ఇంకా కొనలేదు. బొమ్మలు మాత్రం అప్పుడే ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చుకున్నాయి.

"అన్నీ ఒకేసారి కొంటే ఆర్నెల్లు గాలి భోంచెయ్యాలి చిన్నీ," అన్నాడు సర్వేయరు.

"రెండు నెలలకొకటి కొందామండీ. రెండో పెళ్ళిరోజుకి అన్నీ అమరిపోతాయి."

"మరి మొదట ఏది?"

ఆ ప్రశ్న దగ్గరే వాళ్ళ కష్టాలన్నీ మొదలయ్యాయి.

పధ్నాలుగు ఇళ్ళు తిరిగాక దొరికిన వాటా అది. మోకాళ్ళు ముడుచుకుంటే ఇద్దరు పట్టే బాల్కనీ. తిప్పినప్పుడల్లా కూనిరాగం తీసే వంటింటి కొళాయి. ఆమెకు ఆ కొళాయంటే ప్రాణం. కింద వాటాలో ఇంటి ఓనరు ఉంటాడు. భార్య పోయి, కూతురు అత్తారింటికి వెళ్ళి, ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. అద్దె కాగితంలో ఆయన రెండే షరతులు రాయించాడు: గోడకి మేకు కొట్టకూడదు, చప్పుడు గది దాటకూడదు. "చప్పుడు దాటిన మర్నాడు మీ సామాను దాటుతుంది," అని నోటితో కూడా చెప్పాడు. ముప్పై ఐదేళ్ళ రైళ్ళ పుణ్యమా అని ఆయన చెవులు అంతంత మాత్రం. అదే మాట సర్వేయరు నసిగితే, "నాకు వినపడదు నిజమే. వినపడదు కదా అని మీరు అలుసు తీసుకోకూడదుగా," అన్నాడు.

షాపులో ఆమె మాటలు పలికే స్పీకరు ముందు కొందామంది. షాపతను ఆమెను పట్టించుకోకుండా సర్వేయరు వైపు తిరిగాడు.

"సార్ ఏం చేస్తుంటారు?"

"సర్వేయర్ని."

"అయితే మీకు నేను చెప్పేదేముంది! పునాది లేకుండా ఎవరన్నా గోడలు లేపుతారా సార్? ఊఫరే పునాది. ఆంప్లిఫయరు కూడా దాని కడుపులోనే ఉంది. ఇవాళే టీవీకి తగిలించుకోండి."

పెట్టె మీది దుమ్ము చూస్తే పునాదిగా దానికి చాలా ఏళ్ళ అనుభవం ఉన్నట్టే కనిపించింది. అందుకే ధర కూడా సగానికి దిగింది. బేరం కుదిరేలోపు ఆమె ఆ దుమ్ములో వేలితో నవ్వు ముఖం గీసింది. ఇద్దరూ దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చారు. గ్రాఫు కాగితం చూపించిన మూలన దించారు.

షరతు గుర్తుంచుకుని టీవీ గొంతు బాగా తగ్గించి, ఒక యుద్ధం సినిమా పెట్టారు. పెట్టె ఒక్కసారి గుండెలో గుద్దినట్టు దడదడలాడింది. ఆమె పరుగున మెట్లు దిగి, స్టేషన్ మాస్టరు తలుపుకి చెవి ఆనించి వచ్చింది.

"కిందకి ఏమీ వినిపించట్లేదండీ! నిశ్శబ్దం!"

ఇక రోజూ ఏడున్నరకి అదే వేడుక. ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో ఒక్క ముక్క వినిపించేది కాదు గానీ, చచ్చిన ప్రతివాడూ పొట్టలో తెలిసేవాడు. అంతకంటే సుఖం ఏముంటుందనిపించేది ఆమెకు.

రెండు వారాలు గడిచాయి. ఆమె వీధి చివరి క్లినిక్కులో ఈసీజీ తీస్తుంది. ఒక పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్ మాస్టరు వచ్చి ఆమె ముందు బల్లమీద పడుకున్నాడు.

"అమ్మాయ్, నా బండికి సిగ్నలిచ్చేశారు," అన్నాడు చల్లగా.

"అవేం మాటలు బాబాయిగారూ!"

కాగితం మీద గీతలు బుద్ధిగా వచ్చాయి. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. స్టేషన్ మాస్టరు ఒప్పుకోలేదు. "నా దడ పొద్దున రాదు డాక్టరుగారూ. దానిది సాయంత్రం ఏడున్నర టైము. మంచం మీద నడుం వాలిస్తే చాలు, గుండె మీద సమ్మెటతో కొట్టినట్టు ఉంటుంది." డాక్టరు ఆయన వయసు చూశాడు, తన బాధ్యత చూసుకున్నాడు. శుక్రవారం పెద్దాసుపత్రికి వెళ్ళి గుండెలోకి గొట్టం వేసే పరీక్ష చేయించుకోమని రాసిచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ముద్ద దిగలేదు. "పాపం, ఆయనకి మన వల్ల చిన్న అలికిడి కూడా కాకూడదండీ," అందామె. జాలితో టీవీ గొంతు పూర్తిగా నొక్కేశారు. బొత్తిగా ఏమీ వినిపించకపోయేసరికి సినిమా చప్పగా తోచింది. పెట్టెని మాత్రం ఇంకాస్త పెంచుకున్నారు.

మర్నాటికి స్టేషన్ మాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ గోడగడియారం ఎవరికి చెందాలనే తగువులో పదకొండేళ్ళుగా మాటల్లేని తమ్ముడికి కబురు పెట్టాడు. తమ్ముడు పాత కారులో దిగాడు. అన్న గడియారాన్ని గోడమీంచి తీసి తమ్ముడి చేతిలో పెట్టి, "తప్పు నాదేరా," అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ఏడుపయ్యాక సర్వేయర్ని పిలిచారు.

"బాబూ, నేను పోయాక గొడవల్లేకుండా ఇల్లు కొలిచి ప్లాను గీసిపెట్టు. కింద వాటా మా అమ్మాయికి, పై వాటా వీడికి."

"అన్నయ్యా, పై వాటా వీళ్ళెప్పుడు ఖాళీ చేస్తారు?" అన్నాడు తమ్ముడు, సర్వేయరు అక్కడ లేనట్టే.

సర్వేయరు మోకాళ్ళమీద పాకుతూ, తాను పోగొట్టుకోబోయే ఇంటిని తానే కొలిచాడు. స్టేషన్ మాస్టరు మంచాన్ని కూడా కొలతలతో సహా గీశాడు. వృత్తిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు.

గురువారం సాయంత్రం కింది ప్లానునీ పై ప్లానునీ ఒకదానిమీద ఒకటి పెట్టి బల్బుకి ఎదురుగా పట్టుకున్నాడు. గోడమీద గోడ కూర్చుంది. కిటికీ మీద కిటికీ కూర్చుంది. ఆయన దిండు మీద సరిగ్గా ఊఫరు కూర్చుంది.

అప్పుడే ఆమె క్లినిక్కు నుంచి వచ్చింది. డాక్టరుకి చూపించమని స్టేషన్ మాస్టరు ఇచ్చిన చీటీ చేతిలో ఉంది. సగం నవ్వుతూ, సగం కళ్ళు తుడుచుకుంటూ చదివింది. "మంగళవారం. ఏడూ నలభైరెండు, వచ్చింది. ఏడూ నలభైనాలుగు, వెళ్ళిపోయింది. ఏడూ యాభైఒకటి, చిన్నవి రెండు, వెంటవెంటనే. ఎనిమిదీ పది, చాలా పెద్దది, మంచం కదిలింది. ఎనిమిదీ పన్నెండు నుంచి ఇరవై దాకా ఏమీ లేదు, పోయాననుకున్నాను."

సర్వేయరు ప్లాన్లు కిందకి దించాడు. "ఎనిమిదీ పదికి వంతెన పేలింది చిన్నీ."

"ఎనిమిదీ పన్నెండుకి?"

"పాలు పొంగుతున్నాయని నువ్వు సినిమా ఆపమన్నావు."

ఇద్దరూ పెట్టె వైపు చూశారు. దుమ్ములో ఆమె గీసిన నవ్వు ఇంకా చెరగలేదు.

"చప్పుడు చెయ్యకుండా పెట్టె ఆపేద్దాం," అన్నాడతను మెల్లగా. "దడ పోతుంది. ఆయనా ఉంటాడు, మనమూ ఉంటాం."

"రేపు ఆయన గుండెలోకి గొట్టం వేస్తారండీ. ఆ వయసులో అక్కడేమన్నా అయితే? రేపటినుంచి ఈ కొళాయి తిప్పుతూ మీరేమనుకుంటారో గానీ, నేను మాత్రం ఆయన్ని చంపి తెచ్చుకున్న నీళ్ళనుకుంటాను."

"చెబితే మన సామాను దాటుతుంది."

"దాటనివ్వండి."

ఏడున్నర దాటాక ఇద్దరూ పెట్టెని చెరోపక్క పట్టుకుని మెట్లు దిగారు. వైరు సర్వేయరు భుజంమీద వేలాడుతోంది. స్టేషన్ మాస్టరు మంచంమీద ఉన్నాడు. తమ్ముడు కుర్చీలో కూర్చుని గడియారానికి కీ ఇస్తున్నాడు. ఆమె మొత్తం చెప్పింది, ఆయనకు వినపడేలా అరిచి మరీ చెప్పింది.

స్టేషన్ మాస్టరు లేచి కూర్చున్నాడు.

"అంటే నేను చావట్లేదా?"

"లేదు బాబాయిగారూ."

"మరి నేను వీడికి క్షమాపణ చెప్పానే! పదకొండేళ్ళు కాపాడుకొచ్చిన పగ! ఒక చెక్కపెట్టె చెప్పిందని వదులుకున్నానా?"

"అన్నయ్యా, ఇప్పుడు గడియారం వెనక్కి అడుగుతావా ఏంటి?" తమ్ముడు దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

"నువ్వు నోర్ముయ్! ఏమ్మా, మీరు... రేపు పొద్దున్నే ఖాళీ..." ఆయన మాట ఆగింది. చెయ్యి ఛాతీమీదికి వెళ్ళింది. "ఇదిగో, మళ్ళీ వచ్చింది. పైన ఇంకో పెట్టె పెట్టారా?"

"ఉన్న ఒక్కటీ ఇదే బాబాయిగారూ," అన్నాడు సర్వేయరు, వైరు చివర చూపిస్తూ.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి పరుగెత్తింది, తడబడింది, ఆగింది. ఆమె లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకునే దాకా ఆగింది. మళ్ళీ పరుగెత్తింది.

"కారు తియ్యండి!" అని తమ్ముడి మీద అరిచింది.

ఈసారి క్లినిక్కు బల్లమీద గీతలు బుద్ధిగా రాలేదు. ఆ కాగితం చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడు. గుండె అప్పుడప్పుడూ కొట్టుకోవడం మరిచిపోతోందట. ఎన్నాళ్ళుగానో అలాగే ఉండొచ్చట. అది గొట్టానికి దొరికే జబ్బు కాదట, వచ్చిన క్షణంలో పట్టుకోవాలట. రెండు వారాల పైనుంచీ ఏడున్నర కాగానే గుండెమీద చెయ్యి వేసి టైము రాసుకునే అలవాటు కాకపోతే, ఆ మనిషి దాన్ని గమనించేవాడే కాదు. ఏదో ఒక సాయంత్రం గడియారం ముందు కుర్చీలో మిగిలిపోయేవాడు. మర్నాడే ఆయన ఛాతీ చర్మం కింద, గుండె మరిచిపోయినప్పుడల్లా గుర్తుచేసే అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి అమర్చారు.

పది రోజులకి ఆయన ఇంటికొచ్చాడు. తమ్ముడు తిరిగి వెళ్ళలేదు, గడియారం మళ్ళీ గోడెక్కింది. ఖాళీ చేయడం గురించి ఎవరూ ఎత్తలేదు గానీ ఆమె గిన్నెలన్నీ అట్టపెట్టెల్లో సర్దేసుకుంది. ఊఫరు మీద దుప్పటి కప్పింది.

ఒక సాయంత్రం ఏడూ ముప్పైఐదుకి తలుపు చప్పుడైంది. ఎదురుగా స్టేషన్ మాస్టరు. ఒక చెయ్యి ఛాతీమీద ఉంది.

"ఏమ్మాయ్, ఇవాళ దడ ఇంకా రాలేదేం?"

"మానేశాం బాబాయిగారూ. మీకు ఇబ్బందని..."

"మానేస్తే ఎలా? ఈ లోపల పెట్టింది ఉలుకూ పలుకూ లేదు. పైది కూడా పలక్కపోతే నేనున్నానో పోయానో నాకెవరు చెబుతారు?"

అద్దె కాగితంలో ఇప్పుడు మూడు షరతులున్నాయి: గోడకి మేకు కొట్టకూడదు, చప్పుడు గది దాటకూడదు, ఏడున్నరకి దాటితీరాలి.