బర్నబీలో మెక్సికో పద్ధతి

బర్నబీ తెలుగు వెలుగు సమితి తన సభ్యులకు సగర్వంగా తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కమ్యూనిటీ హాల్లో మెక్సికో దేశపు సంపూర్ణ చరిత్ర చెప్పబడును. అధ్యక్షులు శ్రీ విశ్వేశ్వరరావు గారు స్వయంగా ప్రసంగించెదరు. చరిత్ర అనంతరం భోజనం ఉండును.

ఈ ప్రకటన కింద వాట్సాప్‌లో నలభై రెండు నమస్కారాలు పడ్డాయి. మెక్సికో ఎందుకని ఒక్కరూ అడగలేదు. భోజనంలో ఉల్లిపాయ లేని సాంబారు విడిగా ఉంటుందా అని మాత్రం ముగ్గురు అడిగారు.

అడక్కపోయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఊళ్ళో ఉన్న దేశదేశాల సంఘాలన్నీ కలిసి ఏటా వారోత్సవాలు జరుపుకుంటాయి. ఎవరి గొప్ప వాళ్ళే చెప్పుకుంటుంటే విసుగ్గా ఉందని, ఈ ఏడాది ఒకరి చరిత్ర ఇంకొకరు చెప్పాలని చీటీలు వేశారు. తెలుగువాళ్ళకు మెక్సికో వచ్చింది. మెక్సికో వాళ్ళకు ఐస్‌లాండ్ వచ్చిందట, పాపం వాళ్ళూ ఏమీ అనలేదు.

ప్రసంగం అధ్యక్షుల వారిది గనక రాసే పని కార్యదర్శి మహీధర్ మీద పడింది. మహీధర్ పగలంతా ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగస్తుడు, మిగతా సమయంలో చరిత్ర పుస్తకాలు చదివే మనిషి. సమితి పుట్టిన దగ్గర్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, హాలు బుక్ చేసేదీ అతనే, కుర్చీలు వేసేదీ అతనే, మళ్ళీ తీసేదీ అతనే. అతనికి ఒకే ఒక్క కోరిక ఉంది. హాలు పక్కన సమితికి ఇచ్చిన చిన్న గదిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు బడి పెట్టాలి. ఆ గది నిండా ప్రస్తుతం విశ్వేశ్వరరావు గారి 'ఫర్ సేల్' బోర్డులు ఉన్నాయి. వారు ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టర్. బోర్డులు వానలో తడిస్తే వారి ఫొటో పాడవుతుంది.

"బడి పెడదాం, తప్పకుండా పెడదాం. వచ్చే టర్మ్ నీదేగా! అధ్యక్షుడివయ్యాక నీ చేత్తో నువ్వే పెట్టు" అని వారు నాలుగేళ్ళుగా భుజం తడుతూనే ఉన్నారు. మహీధర్ కూతురు ధాత్రికి బడి మొదలుపెడదామనుకున్నప్పుడు ఆరేళ్ళు. ఇప్పుడు పదేళ్ళు. తెలుగులో దానికి వచ్చిన ముక్కలు 'అన్నం వద్దు', 'అమ్మ చెప్పింది'.

వచ్చే టర్మ్ తనదేనని అతను నమ్మడానికి ఆధారం కూడా ఉంది. పాత తెలుగు సంఘంలో అధ్యక్షుడు తొమ్మిదేళ్ళపాటు కుర్చీ వదలకపోతే మండిపడి, మైకు బల్ల మీద కొట్టి బయటికి వచ్చి ఈ సమితిని స్థాపించిన మహానుభావుడు విశ్వేశ్వరరావు గారే. 'ఏ ఒక్కరూ వరసగా రెండు టర్ములకు మించి అధ్యక్షులుగా ఉండరాదు' అన్న నిబంధన వారు స్వహస్తాలతో రాసిందే. ఆ రెండు టర్ములూ మెక్సికో చరిత్ర రోజునే, సాయంత్రం ఆరింటికి పూర్తవుతాయి. ఎన్నికలు ఆ తర్వాత ఆరు వారాలకు. ఈలోపు నడపడానికి ఒక తాత్కాలిక అధ్యక్షుణ్ణి దిగిపోయేవారు నియమించాలి.

"ఆయన దిగుతాడంటే నేను నమ్మను" అంది మహీధర్ భార్య కావ్యశ్రీ.

"రూల్ ఉంది కదా!"

"రూల్ రాసిందెవరు?"

మహీధర్‌కు కూడా లోపల ఎక్కడో గుబులు లేకపోలేదు. అందుకే మెక్సికో చరిత్రను కాస్త ఉపాయంగా రాశాడు. కుర్చీ పట్టుకుని వేలాడినవాళ్ళ కథలు ఎక్కడా వదల్లేదు. అవి నలుగురి ముందు తన నోటితోనే చదువుతుంటే ఎంతటివాడికైనా సిగ్గేస్తుందని అతని ఆశ.

రాసింది వినిపించడానికి ఆదివారం పొద్దున విశ్వేశ్వరరావు గారి ఓపెన్ హౌస్‌కు వెళ్ళాడు. అమ్మకానికి పెట్టిన ఇంట్లో, ఎవరిదో తెలియని సోఫాలో, కొనేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ వారు కూర్చుని ఉన్నారు.

"చదవవయ్యా."

సరస్సు మధ్యలో అజ్టెక్కులు కట్టుకున్న మహానగరంతో మహీధర్ మొదలుపెట్టాడు.

"చుట్టూ నీళ్ళేనా! వాటర్‌ఫ్రంట్ ప్రాపర్టీ" అన్నారు వారు.

స్పెయిన్ నుంచి కోర్తెస్ దిగడం, నగరం కూలిపోవడం, మూడు వందల ఏళ్ళు పరాయి పాలన, గుడిగంట మోగించి జనాన్ని లేపిన ఫాదర్ హిదాల్గో, చివరికి స్వాతంత్ర్యం వచ్చాయి. వారు ఫోన్ చూసుకుంటూ విన్నారు. సాంతా ఆనా దగ్గరికొచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టారు.

"ఈయన పదకొండుసార్ల దాకా అధ్యక్షుడయ్యాడండీ" అన్నాడు మహీధర్, ఒత్తి పలుకుతూ. "దేశంలో సగం భూమి ఈయన హయాంలోనే అమెరికా పాలైంది. యుద్ధంలో ఒక కాలు పోతే, ఆ కాలిని రాజధానికి తెప్పించి సైనిక లాంఛనాలతో సమాధి చేయించాడు."

విశ్వేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇదిగో, ముల్లు దిగింది అనుకున్నాడు మహీధర్.

"కాలికి కూడా సన్మానం!" అన్నారు వారు. "బతికుండగానే! మనవాళ్ళకు నిండు మనిషి కనబడుతున్నా ఒక శాలువా కప్పడానికి చేతులు రావయ్యా."

మహీధర్ పోర్ఫీరియో దియాస్ దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ మళ్ళీ ఎన్నికవడం కూడదని తిరుగుబాటు చేసి వచ్చిన ఆ మనిషే తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళు దిగలేదని, చివరికి జనం విప్లవం తెచ్చి దింపారని నిదానంగా, అక్షరం అక్షరం విడదీసి చదివాడు.

"ముప్పై ఏళ్ళు! రైళ్ళు కూడా వేయించే ఉంటాడే?"

"వేయించాడండీ."

"అద్గదీ. నిలకడ ఉంటేనే పనులవుతాయి. ఊఁ, తర్వాత?"

"తర్వాత 1913లో సైన్యాధిపతి హుయెర్తా అధ్యక్షుణ్ణి నిర్బంధించాడు. కానీ తను చట్టప్రకారం గద్దె ఎక్కాలి కదా! అందుకని విదేశాంగ మంత్రి లాస్కురాయిన్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన హుయెర్తాను మంత్రిగా నియమించి వెంటనే రాజీనామా ఇచ్చాడు. ఆ మంత్రి అధ్యక్షుడైపోయాడు. లాస్కురాయిన్ పదవిలో ఉన్నది మహా అయితే నలభై ఐదు నిమిషాలంటారు."

"ఆగాగు" అన్నారు విశ్వేశ్వరరావు గారు. "ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. అంతలో ఇల్లు కొందామని ఒక జంట లోపలికి వచ్చింది. వారు లేవనైనా లేవలేదు. నాలుగేళ్ళలో మహీధర్ ఆయన్ని అంత తన్మయత్వంలో చూడలేదు.

"మహీధరూ, నిన్నే తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేస్తున్నాను."

"చాలా సంతోషమండీ! ఆరు వారాల్లో బడి..."

"ఆరు వారాలెందుకు? నలభై ఐదు నిమిషాలు చాలు."

"అదేంటండీ!"

"నువ్వొక్కడివే ఆరు వారాలూ కూర్చుంటే మిగతావాళ్ళేం పాపం చేశారయ్యా? నీ తర్వాత మన కోశాధికారి వంశీధర్ నలభై ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఇంకొకరు. రూల్ ఏమంటోంది? వరసగా ఉండకూడదంటోంది. మధ్యలో తెగితే చాలు. ఎంతమంది తెంపితే అంత గట్టిగా తెగుతుంది. తర్వాత నేను మళ్ళీ కొత్తగా మొదలెట్టినట్టే. చరిత్ర చదవాలయ్యా, చదవాలి!"

ఇంటికొచ్చి మహీధర్ కావ్యశ్రీతో ఒకటే అన్నాడు. "ఒకసారి కుర్చీలో కూర్చున్నాక నేను లేవను. రాజీనామా ఇవ్వను. ఏం చేస్తాడో చూస్తా."

"ముందు ఆ గది తాళం తీసుకోండి" అంది కావ్యశ్రీ.

ఆ శనివారం హాలు కిటకిటలాడింది. విశ్వేశ్వరరావు గారు మెక్సికో చరిత్రను గంటన్నర చదివి, కాలి సమాధి దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. విశిష్ట అతిథిగా వచ్చిన గ్వాడలూపే అనే మెక్సికో పెద్దావిడ మాత్రం గంభీరమైన చోట్లన్నిటా నవ్వింది. మీ దగ్గర కూడా ఇలాగే ఉంటుందా అని ఆవిడ పక్కనున్న మహీధర్‌ను అడిగింది. లేదండీ, మాది సమితి అని అతను చెప్పాడు.

సరిగ్గా ఆరింటికి పదవీకాలం ముగిసింది. మహీధర్ మెడలో దండ పడింది, చప్పట్లు మోగాయి. ముందు గది తాళం అడగాలి అనుకున్నాడు. కానీ ఫొటోలు తీయాలన్నారు. తీయించుకున్నాడు. అధ్యక్షుల వారూ అధ్యక్షుల వారూ అంటూ నాలుగేళ్ళుగా పేరు కూడా సరిగ్గా పిలవనివాళ్ళు చుట్టూ మూగారు. వద్దు వద్దంటూనే అందరితోనూ దిగాడు. ఏం చెప్పను, అతనికి బాగానే ఉంది.

ఆరూ పదికి విశ్వేశ్వరరావు గారు ఒక ఫైలు పట్టుకొచ్చారు.

"మాజీ అధ్యక్షుల గౌరవ తీర్మానం. నీ మర్యాద కోసమేనయ్యా. మాజీలంతా రాజకీయాలకు అతీతంగా శాశ్వత సలహాదారులు. ముందు వరసలో సీటు, ఏటా శాలువా, భోజనాల దగ్గర లైను లేదు."

మహీధర్ చదవబోయాడు.

"సార్, కిందికి చూడకండి, కెమెరా వైపు. పెన్ను కొంచెం పైకి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

కెమెరా వైపు చూస్తూ సంతకం పెట్టాడు. ఎన్నో సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టిన మనిషి.

తాళం గుర్తొచ్చేసరికి ఆరూ నలభై. అది విశ్వేశ్వరరావు గారి కారులో ఉందట, కారు వాళ్ళావిడ తీసుకెళ్ళిందట. సరే, ఎలాగూ రాజీనామా ఇవ్వడం లేదు కదా, తాళం రేపు తీసుకోవచ్చని మహీధర్ మైకు దగ్గరికి నడిచాడు. అక్కడ వంశీధర్ కొత్త సూట్‌లో సిద్ధంగా ఉన్నాడు. ఫోన్‌లో వాళ్ళ నాన్న రాఘవయ్య గారు, నెల్లూరులో తెల్లవారుజామునే స్నానం చేసి విభూతి పెట్టుకుని, కొడుకు అధ్యక్షుడవడం చూడటానికి కూర్చుని ఉన్నారు. మహీధర్ ఆ ఫోన్‌కు నమస్కారం పెట్టాడు.

చెవి దగ్గర విశ్వేశ్వరరావు గారి గొంతు వినబడింది. "ఎన్నికల్లో నువ్వు కూడా నిలబడవయ్యా, నేనొద్దన్నానా? కరపత్రం మీద 'మాజీ అధ్యక్షుడు మహీధర్' అని పడితే ఆ బరువే వేరు."

నిజమే అనిపించింది. ఇలా మొండికేసి సాధించడం ఎందుకు, దర్జాగా గెలిచి బడి పెడతాను అనుకున్నాడు. రాజీనామా చదివాడు. అందరూ లేచి నిలబడ్డారు. శాలువా కప్పారు.

"నాన్నా, మై స్విమ్మింగ్ క్లాస్ ఈజ్ లాంగర్ దాన్ దట్" అంది ధాత్రి.

ఆ తర్వాతి ఆరు వారాలు సమితి చరిత్రలో స్వర్ణయుగం. గూగుల్ షీట్‌లో రోజుకు ఒకటో రెండో స్లాట్లు పెడితే రెండు రోజుల్లో నిండిపోయాయి. ఎడ్మంటన్‌కు మారిపోయిన సభ్యులు జూమ్‌లో అధ్యక్షత వహించారు. దంపతులు వెంటవెంటనే ఉండే స్లాట్ల కోసం పోట్లాడుకున్నారు. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువారిలో మూడో తరం మనిషి చంద్రవతి గారు సిటీ బస్సు నడుపుతారు. ఆవిడ స్లాట్ డ్యూటీలో పడింది, బస్సు నడుపుతూ ఫోన్ ముట్టుకోకూడదు. అందుచేత ఆ నలభై ఐదు నిమిషాలూ అధ్యక్షుల అనుమతి దొరక్క సమితిలో ఎవరూ ఎవరికీ ఏమీ పంపలేదు, ఏ తీర్మానమూ జరగలేదు. అంత చక్కటి పాలన మళ్ళీ రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొత్తం సభ్యులు అరవై నలుగురు. అరవై ముగ్గురు మాజీలయ్యారు.

నామినేషన్ల రోజు మహీధర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, 'గది నిండా పిల్లలు' అన్న కరపత్రం పట్టుకుని వెళ్ళాడు. ఎన్నికల అధికారిగా వంశీధర్ కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మీది తీసుకోలేను. మాజీలు రాజకీయాలకు అతీతం కదా! పోటీ లేదు, ఓటూ లేదు."

"ఎవడ్రా ఆ మాట రాసింది?"

వంశీధర్ తీర్మానం చూపించాడు. "సంతకం మీదే అన్నా. ఫొటో కూడా ఉంది. చాలా బాగా పడ్డారు."

"మరి ఆయన? ఆయనా మాజీయే కదా!"

"ఆయన ఆరింటికి మాజీ. మీ సంతకం ఆరూ పదికి. అంతకుముందు మాజీలైనవారికి ఇది వర్తించదని మూడో పేరా."

మహీధర్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఇది అన్యాయం. సర్వసభ్య సమావేశం పెట్టి ఈ తీర్మానం కొట్టేయిస్తా!"

"పెట్టండన్నా" అన్నాడు వంశీధర్ జాలిగా. "ఓటున్న సభ్యులంతా రావాలి. కానీ ఆయన ఈ వారం బిజీ."

ఎన్నికలు పరమ ప్రశాంతంగా జరిగాయి. మాజీలందరికీ ముందు వరస అని రాసుంది గనక అరవై మూడు కుర్చీలు ఒకే వరసలో, హాలు గోడల చుట్టూ తిప్పి, తలుపు దాటించి వరండాలోకి వేయాల్సి వచ్చింది. వేసింది మహీధరే. సలహాదారులంతా శాలువాలతో కూర్చున్నారు. విశ్వేశ్వరరావు గారు తెర వెనక్కి వెళ్ళి, రహస్య ఓటింగ్ పవిత్రతను కాపాడుతూ ఎనిమిది నిమిషాలు ఆలోచించి బయటికి వచ్చారు. వంశీధర్ పెట్టె తెరిచి, ఉన్న ఒక్క కాగితాన్నీ రెండుసార్లు చూసి, ఫలితం ప్రకటించాడు. పోలింగ్ నూరు శాతం.

విజేత మైకు అందుకున్నారు.

"గెలిచానన్న గర్వం నాకు లేదు. మెజారిటీ ఒక్క ఓటే. ఓటర్లు నాకొక హెచ్చరిక ఇచ్చారు. తప్పెక్కడ జరిగిందో ఆత్మపరిశీలన చేసుకుంటాను."

అందరూ మహీధర్ వైపు చూస్తున్నారు. చప్పట్లు మొదలుపెట్టే హక్కు సలహాదారుల్లో సీనియర్‌దట, అది కూడా తీర్మానంలో ఉంది. మహీధర్ లేచి, శాలువా సర్దుకుని, చప్పట్లు కొట్టాడు.