ఒక్క ఆటా ఓడని జట్టు

ఆ చిన్న కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును ప్రభుత్వమే దత్తత తీసుకుంటున్నదని, ఈ సీజన్‌లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడబోదని క్రీడల మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. మంత్రిగారి హామీలు గాలిలోనే ఉండిపోతాయని గిట్టనివాళ్లు అంటుంటారు. ఈ ఒక్క హామీతో వాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

ఆటల మాస్టారు ఆ రోజు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆయన జట్టులో ఉన్నదే ఏడుగురు. నిరుడు పదకొండు ఆటలాడి తొమ్మిది ఓడారు. ఉన్న రెండు బంతుల్లో ఒకదానికి గాలి నిలవదు. కెప్టెన్‌ని అందరూ పొట్టి అని పిలిచేవారు, ఆ పిల్ల కూడా ఆ పేరుకే పలికేది. బంతి చేతిలో పడిందంటే మాత్రం పొడుగు కాళ్ల వాళ్లు కూడా ఆమె వెనకే పరుగెత్తాల్సి వచ్చేది. చదువుకు ఇదే ఆఖరి ఏడాది. పరీక్షలు కాగానే మేనత్తగారి జిరాక్స్ షాపులో కూర్చోవాలని ఇంట్లో ఖాయం చేసేశారు.

వారం తిరక్కుండానే మంత్రిగారి పీఏ ఫైలు పట్టుకుని దిగారు. ఏమేం కావాలో చెప్పమన్నారు. మాస్టారు బూట్లన్నారు, బంతులన్నారు, కోర్టులో పగుళ్లు పూడ్చాలన్నారు.

"అవన్నీ గెలవడానికండీ," అన్నారు పీఏ ఓపిగ్గా. "గెలుపు సంగతి మినిస్టర్‌గారు ఎత్తనే లేదు. ఓటమి ఉండదన్నారు, అంతే. దానికేం కావాలో చెప్పండి."

మాస్టారికి ఒళ్లు మండింది. "అవతలి జట్టు రాకపోతే సరి. పదిహేను నిమిషాలు చూసి ఇరవై–సున్నాతో ఆట మనకే రాసేస్తారు," అన్నారు వెటకారంగా.

పీఏగారికి వెటకారం తెలియదు. ఉద్యోగంలో ఎప్పుడూ దాంతో పని పడలేదు. ఆయన ఆ మాటను శ్రద్ధగా ఫైల్లో రాసుకుని, సలహా ఇచ్చినందుకు మాస్టారి చేత కింద సంతకం కూడా పెట్టించుకున్నారు.

మొదటి మ్యాచ్‌కు వస్తున్న జట్టు బస్సును రవాణా శాఖవారు మలుపులో ఆపారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కత్తెర లేదట. రెండో జట్టుకు సరిగ్గా ఆ గంటలోనే పరీక్ష పడింది. మూడో జట్టులో అందరికీ కళ్లకలక వచ్చే అవకాశం ఉందని ఆరోగ్య శాఖ ముందుగానే కనిపెట్టింది. ఆటకొక శాఖ చొప్పున ప్రభుత్వం మొత్తం బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. అమ్మాయిలు జెర్సీలు తొడుక్కుని వరసలో నిలబడేవారు. రెఫరీ వాచీ చూసుకునేవాడు. పదిహేను నిమిషాలయ్యాక విజిల్ ఊది ఇంటికి వెళ్లిపోయేవాడు. మన జట్టు పేరు వింటేనే ప్రత్యర్థులు గడప దాటడం లేదని పేపర్లు రాశాయి.

పదో విజయం తర్వాత ఆటల గదికి పొట్టి వచ్చింది. జెర్సీ ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"మాస్టారూ, ఒక్క ఆట ఆడించండి. ఓడిపోయినా పర్లేదు. రేపు షాపులో కూర్చున్నాక ఏం గుర్తు చేసుకోవాలి, విజిలా?"

మాస్టారు తల ఎత్తలేకపోయారు. ఆ సలహా ఇచ్చిన నోటి దురద తనదేనని ఆమెకు చెప్పలేదు. మర్నాడు సచివాలయానికి వెళ్లి పీఏ కాళ్లావేళ్లా పడ్డారు. ఆడితే ఓడే ప్రమాదం ఉంది కదా అని పీఏ నొచ్చుకున్నారు. కానీ ఫైనల్‌కు మంత్రిగారు స్వయంగా వస్తున్నారు, ఖాళీ కోర్టును ఎంతసేపని చూస్తారు? కనుక ప్రత్యర్థులను తానే ఏర్పాటు చేస్తానని మాటిచ్చారు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా. ఫైనల్ రోజున అవతలి కాలేజీ జెర్సీలు వేసుకుని మంత్రిగారి శాఖలోని మహిళా సిబ్బంది దిగారు. వాళ్ల కెప్టెన్ యాభై నాలుగేళ్ల సూపరింటెండెంటుగారు.

వాళ్లు ఆడిన తీరు క్రమశిక్షణకు పరాకాష్ఠ. టైపిస్టు బంతిని జూనియర్ అసిస్టెంటుకు పంపేది, ఆమె సీనియర్ అసిస్టెంటుకు. చివరికి బంతి సూపరింటెండెంటుగారి చేతికొచ్చేది. బుట్టలో వేసే అధికారం తనకు లేదు గనక ఆవిడ దాన్ని మళ్లీ టైపిస్టుకు పంపేసేవారు. బంతి తీసుకుని పొట్టి ఎదురొస్తే, "వెళ్లమ్మా, వెళ్లు," అంటూ పక్కకు తప్పుకునేవారు. సగం ఆటకు నలభై–సున్నా. మంత్రిగారు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

రెండో సగంలో బంతి పట్టుకుని పొట్టి ఆగిపోయింది. ఒకసారి మాస్టారి వైపు చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, తిన్నగా వెళ్లి బంతిని తమ బుట్టలోనే వేసింది.

అలా కావాలని వేస్తే చెల్లదని రూల్ బుక్‌లో ఉంది. అది రెఫరీకి తెలుసు. సీజనంతా వాచీ చూసిన మనిషి అతను. విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

మిగతా అమ్మాయిలు అందుకున్నారు. నలభై–ఇరవై అయ్యేసరికి సూపరింటెండెంటుగారికి ముచ్చెమటలు పోశాయి. తన జట్టు గెలిచేలా ఉంది. గెలిస్తే మెమో తప్పదు. ఆవిడ చెప్పులు విసిరేసి, రెండు చేతులూ చాచి పొట్టికి అడ్డంగా ఎగిరారు. టైపిస్టు ఎవరి అనుమతీ అడక్కుండా బంతి లాక్కుంది. అంతే, ఆట మొదలైంది. ఒక జట్టు ఓడటానికి, ఇంకో జట్టు గెలవకుండా ఉండటానికి ప్రాణాలకు తెగించి ఆడాయి. మోకాలు చీరుకుపోయినా పొట్టి పళ్లికిలించి నవ్వుతోంది. మాస్టారికి ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకోలేదు.

మన జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

పీఏగారు నెమ్మదిగా లేచి, స్కోరు బోర్డు మీది రెండు పేరు పలకలనూ అటుదిటు, ఇటుదటు మార్చి వచ్చి కూర్చున్నారు. మంత్రిగారు పొట్టి చేతిలో కప్పు పెట్టారు. పక్కనే ఆయాసపడుతున్న సూపరింటెండెంటుగారు ఆ పిల్ల చెవి దగ్గరికి వంగి, "ఆదివారం మాకు సెలవేనమ్మా. మళ్లీ ఆడదామా?" అని అడిగారు.

అంతలో మంత్రిగారు మైకు అందుకున్నారు. ఓటమి ఎరుగని ఈ సీజన్‌కు గుర్తుగా, ఈ కోర్టు నడిబొడ్డున, ఇప్పుడే, విజయ స్తూపానికి శంకుస్థాపన చేస్తున్నామన్నారు.

పీఏగారు టేపు పట్టుకుని వచ్చారు. కోర్టుకు సరిగ్గా మధ్య ఎక్కడో కాస్త చూపించమని మాస్టారిని అడిగారు.

మధ్యలో తెల్లటి వలయం ఉంది. పన్నెండేళ్లుగా ఏటా దానికి రంగు వేస్తున్నది మాస్టారే. తనకు తెలియదన్నారు.